ఇల్లూ–వాకిలీ: వేసవి యింటికి తాళం వేసే ముందు

మన కుటుంబాల పిల్లలు కొందరు నేడు కెనడాలో కాపురాలు చేస్తున్నారు. టొరంటోకు ఉత్తరాన మస్కోకా ప్రాంతంలో సరస్సుల వొడ్డున వేసవి యిండ్లు చాలా వున్నవి. స్థోమతు గలవారు అట్టి యింటిని కొని, ఎండాకాలం గడిపి, అక్టోబరులో తాళం వేసి వస్తారు. జనవరిలో అక్కడ చలి సున్నకు దిగువ 20 డిగ్రీలు దాటే రాత్రులుంటాయి. ఆ యింటికి దొంగల భయం కన్న గొట్టాలలో మిగిలిన నీటి భయమే యెక్కువ.

నిండు గాజుసీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో ఐసు అరలో పెడితే పగులుతుందని మన గృహిణులందరూ యెరిగినదే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఐసు గడ్డకూ మూసిన కొళాయికీ నడుమ చిక్కుకున్న నీటిలో వొత్తిడి పెరిగి గొట్టం చీలుతుంది. చీలినదని అప్పుడే తెలియదు. గడ్డ కరిగిన తరువాత, చూచే దిక్కు లేని యింట్లో, నీరు గదుల్లోకి పారుతుంది.

గొట్టాలకు తొడుగులు చుడితే చాలదా అంటారేమో. తొడుగు చలిని ఆలస్యం చేయగలదే గాని, నెలల తరబడి పొయ్యి వెలగని యింట్లో ఆపలేదు. నీరే లేకుండ చేయడం ఉత్తమం.

మొదట నీళ్ళ హీటరుకు కరెంటు ఆపాలి. ఖాళీ హీటరులో కరెంటు వుంటే లోపలి కడ్డీ మాడిపోతుంది. తరువాత పంపు ఆపి, అసలు వాల్వు మూసి, మేడమీది కొళాయి మొదలు అన్నిటికన్న క్రింది కొళాయి వరకు తెరచి వుంచాలి. పాయిఖానా తొట్టి, హీటరు, పంపు కూడ ఖాళీ చేయాలి. నీరు పల్లమెరుగును గాని, గొట్టం వాలు తప్పిన చోట నిలిచిపోతుంది. దానిని గాలి యంత్రంతో ఊదించాలి.

పలువురు మరిచేది సింకు క్రింది వంపు గొట్టం. అందులోని నీరు మురుగు వాయువును యింట్లోకి రానీయని కాపలా. కనుక దానిని ఖాళీగా వదలరాదు, నీటితోనూ వదలరాదు. గొట్టాల కొరకే అమ్మే ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం పోయాలి. కార్లలో సాధారణంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం; దానిని యింట్లో పోయరాదు.

తిరిగి వెళ్ళినప్పుడు కొళాయిలు మూసి, వాల్వు మెల్లగా తిప్పి, కారుతున్నదేమో చూడాలి. హీటరు నిండిన పిమ్మటనే కరెంటు.

ఈ వరుసను కాగితంపై వ్రాసి తలుపు వెనుక అంటించమని మీ పిల్లలకు చెప్పండి. ప్రయాణపు తొందరలో జ్ఞాపకాన్ని నమ్మరాదు.