గృహసీమ: ఉగ్గుగిన్నె పక్కన వంటపుస్తకం

ఈ శీర్షికకు అందే జాబులలో అధికభాగం పొదుపును గూర్చి, పెరటి మొక్కలను గూర్చి ఉంటాయి. ఈ పర్యాయం వచ్చిన ఒక జాబు మాత్రం మమ్ములను ముప్పై ఏళ్ళకు పైగా వెనుకకు తీసుకొనిపోయింది. మన టౌన్‌షిప్పులో కొత్తగా కాపురం పెట్టిన ఒక సోదరి వ్రాశారు. వారి పాపకు తొమ్మిదవ నెల నడుస్తున్నది. పసిపిల్లల ఆహారాన్ని గూర్చిన వంటపుస్తకాలు వారి వద్ద మూడున్నాయట. ఒకటి నాలుగవ నెల నుండే పెట్టవచ్చునంటుంది, మరొకటి ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప చుక్క నీరైనా వద్దంటుంది, మూడవది గుజ్జు చేయడమే పొరపాటు, ముక్కలు చేతికియ్యమంటుంది. అత్తగారు ఊరి నుండి ఫోనులో నాలుగవ మాట చెబుతున్నారు. పాప మాత్రం అన్నింటినీ సమదృష్టితో చూచి ఉమ్మివేస్తున్నదట. "ఏ పుస్తకాన్ని నమ్మమంటారు?" అని వారి ప్రశ్న.

పుస్తకాన్ని నమ్మి బిడ్డను అర్ధాకలితో ఉంచిన దంపతులము గనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత మాకున్నదనుకుంటాము.

మా పెద్దమ్మాయి 1988లో పుట్టింది. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ రైలు ప్రయాణానికి ఒక రాత్రి, ఒక పగలు దూరం. క్వార్టరులో మేమిద్దరమే. అప్పుడు మాకు దిక్కు ఒక పాలపొడి డబ్బాతోపాటు ఉచితంగా వచ్చిన చిన్న పుస్తకం. నున్నని కాగితం, బొద్దుగా నవ్వే బిడ్డ బొమ్మ. ప్రతి వంటకమూ ఆ డబ్బాలోని పొడి రెండు చెంచాలు కలపడంతో ముగిసేది. చివరకు అరటిపండు నలిపి పెట్టడానికి కూడా రెండు చెంచాలు కావలసిందే! అది పుస్తకం రూపంలో ఉన్న ప్రకటన అని తెలుసుకొనే అనుభవం మాకు లేదు. 1992లో పార్లమెంటు శిశు ఆహారాల చట్టం చేసి, తల్లిపాలకు బదులుగా అమ్మే పొడుల ప్రచారానికి కళ్ళెం వేసింది. 2003లో దానిని సవరించి మరింత బిగించారు. ఆ చట్టం ఎందుకు వచ్చిందో మాకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట. పాలపొడి విద్య మీద మాకు ద్వేషం లేదు. గేదెపాలు పసిపిల్లలకు అరగవని ప్రపంచమంతా అంటున్న రోజులలో, 1950ల దశకంలో, మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఆ పాలతోనే శిశు ఆహారం తయారు చేసే పద్ధతిని కనిపెట్టారు. దిగుమతుల మీద ఆధారపడిన దేశానికి అది చిన్న విషయం కాదు. మా ఫిర్యాదు అంతా ఉచిత పుస్తకం మీదనే.

ఆ పుస్తకం పదే పదే చెప్పిన మాట "వడకట్టవలెను" అన్నది. పప్పు ఉడికించి వడకట్టవలెను, అన్నం మెత్తగా చేసి పలుచని గుడ్డలో వడకట్టవలెను, రాగి జావను కూడా వడకట్టవలెను. మేము శ్రద్ధగా వడకట్టాము. మాలో ఇంజనీరు అయినవారు ప్లాంటులో లాగ్ షీటు నింపినట్లే ఇంట్లోనూ ఒక పట్టీ గీశారు. సమయం, పదార్థం, మిల్లీలీటర్లు, వాంతి అయినదా లేదా, రిమార్కులు. మూడు షిఫ్టుల లెక్కన అమ్మాయి భోజనం నమోదయ్యేది. ఇరుగుపొరుగు వచ్చి ఆ పట్టీని చూచి నవ్వుకొనేవారు. ఎనిమిదవ నెలలో ఏడు కిలోలున్న బిడ్డ పదవ నెల వరకు అక్కడే ఆగిపోయింది. పట్టీలో మిల్లీలీటర్లు పెరుగుతున్నాయి, త్రాసులో ముల్లు కదలడం లేదు. ఏడుపు, నిద్రలేమి, మళ్ళీ మళ్ళీ జలుబు. తల్లి అయినవారు రాత్రులు బిడ్డను ఒడిలో వేసుకొని తన పాలే చాలడం లేదేమోనని కుమిలిపోయేవారు. ఆ రెండు నెలలను తలుచుకుంటే ఇప్పటికీ మాకు గొంతు పట్టుకుంటుంది.

పై అంతస్తులో ఒక మలయాళీ నర్సు ఉండేవారు. వరుసకు ఏమీ కాకపోయినా మేము ఆమెను చేచ్చి అని పిలిచేవారము. ఒకనాటి సాయంత్రం ఉల్లిపాయల కోసం దిగి వచ్చి, మేము పెడుతున్న జావను చూచారు. చెంచాతో తీసి పక్కకు వంచారు. జావ నీళ్ళవలె జారి నేలమీద పడింది. "ఇది తాగే నీరు, తినే అన్నం కాదు. చెంచా వంచితే వెంటనే జారిపోకూడదు" అన్నారు. తరువాత పట్టీ తీసుకొని లెక్క వేశారు. గిన్నెడు నీళ్ళకు ఒక చెంచా రాగిపిండి, అంటే ఇంచుమించు పది గ్రాములు, ముప్పై కేలరీలకు కొంచెం పైన. వడకట్టగా అందులోనూ కొంత గుడ్డకే అంటుకొని పోతున్నది. రోజుకు నాలుగు గిన్నెలు తాగించినా నూటముప్పై దాటదు. తొమ్మిది నుండి పదకొండు నెలల బిడ్డకు తల్లిపాలు కాక పై ఆహారం నుండి రోజుకు సుమారు 300 కేలరీలు అందాలన్నది నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆరు నుండి ఎనిమిది నెలల మధ్య అది 200, ఏడాది దాటాక 550. బిడ్డ పొట్ట గుప్పెడంత. దానిని మేము నీళ్ళతో నింపి, కడుపు నిండినదని సంతోషించాము.

మరునాటి నుండి వడకట్టే గుడ్డ దేవుని గదిలో దీపపు సెమ్మెలు తుడవడానికి వెళ్ళిపోయింది. పప్పు, అన్నం చేతితో మెదిపి, అర చెంచా నెయ్యి వేసి, మెత్తని ముద్దగా పెట్టాము. చేచ్చి తమ ఊరి నుండి తెప్పించిన నేంద్ర అరటికాయ పొడి ఇచ్చారు. కాయను చెక్కులు తీసి ఎండబెట్టి దంచిన ఆ పొడితో వారి వైపు పసిపిల్లలకు జావ కాస్తారు. ఎదురింటి బెంగాలీ దంపతులు తమ బాబుకు మేనమామ చేత పాయసం తినిపించి ముఖే భాత్ జరిపిన కొన్నాళ్ళకే ముళ్ళు తీసిన చేప అన్నంలో కలిపి పెట్టసాగారు. మేము శాకాహారులము గనుక దానిని చూచి ముచ్చట పడడమే. ప్రభుత్వరంగ టౌన్‌షిప్పులో ఒక్క మెట్ల వరుస ఎక్కి దిగితే దేశంలోని ఉగ్గుగిన్నెలన్నీ చూడవచ్చు. ఏ ముద్రిత పుస్తకంలోనూ అన్ని ప్రాంతాల వంటకాలు ఒకచోట మాకు కనబడలేదు.

పిమ్మట మా అత్తగారు మొలకెత్తించిన రాగులు ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరిన పిండితో రైలు దిగారు. ఆ పిండితో కాచిన జావ ఎంత పిండి వేసినా గట్టిపడదు. ఇది ముసలివారి చాదస్తమని మేము లోలోపల అనుకున్న మాట నిజం. కారణం తరువాత తెలిసింది. గింజ మొలకెత్తేటప్పుడు అమైలేజ్ అనే ఎంజైము పుట్టి, పిండిపదార్థపు పొడుగాటి గొలుసులను చిన్నవిగా తుంచుతుంది. అందువలన అదే గిన్నెలో రెట్టింపు పిండి వేసినా బిడ్డ మింగగలిగేటంత పలుచగానే ఉంటుంది. గట్టిగా ఉడికిన మామూలు జావలో ఈ పిండి చిటికెడు కలిపినా కాసేపటిలో జారుగా మారుతుంది. 1980ల దశకంలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాలదాస్ గారు, వారి సహచరులు ఈ విషయం మీదనే పరిశోధనలు చేశారు. మా అత్తగారు వారి పేరైనా వినలేదు. చెంచా వంచి చూచే పరీక్ష మాత్రం ఈ జావకు వర్తించదు. ఇందులో పిండి ఎంత పడిందన్నదే చూచుకోవాలి. మొలకలు బాగుగా ఎండకపోతే బూజు పడుతుందని, అటువంటి పిండిని మొహమాటం లేక పారవేయాలని కూడా ఆమే చెప్పారు.

ఆమె మాటలలో మేము వినకూడనిది ఒకటున్నది. నాలుకకు తేనె రాస్తే మాటలు త్వరగా వస్తాయని ఆమె నమ్మకం. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మక్రిమి బీజాలు పసిపేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబరుస్తాయని 1976లో అమెరికాలో గుర్తించారు. పెద్దల మాటలో ఏది ఉంచుకోవాలో, ఏది వదలుకోవాలో తేల్చడానికి మంచి పుస్తకం అక్కరకు వస్తుంది.

పదకొండవ నెలకు అమ్మాయి ఏడున్నర కిలోలు దాటింది. పట్టీ మానేశాము.

రెండవవాడి కాలానికి, ఇంగ్లండులోని బంధువులొకరు ఆనాబెల్ కార్మెల్ గారి పుస్తకం పంపారు. 1991లో వెలువడి పలు దేశాలలో ప్రసిద్ధికెక్కిన పుస్తకమది. ఆమె తొలిబిడ్డను మూడు నెలల పసికందుగా పోగొట్టుకొన్నారు. తరువాతి కుమారుడు తిండికి పేచీ పెట్టగా, వాని కోసం చేసిన వంటలే పుస్తకమైనాయి. ఆ సంగతి తెలిసిన తరువాత దానిలోని ఓపిక మాకు అర్థమైంది. అయితే కూరగాయల గుజ్జును ఐసు ట్రేలలో గడ్డకట్టించి, రోజుకు రెండు గడ్డలు కరిగించి పెట్టే పద్ధతి మాకు కుదరలేదు. మా ఇంట కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో ఆ రచయిత్రికి ఏమి తెలుసును? సగం కరిగి మళ్ళీ గడ్డకట్టిన గుజ్జు బిడ్డకు ప్రమాదం. అందులోని కాయగూరలలో సగం మా సంతలో దొరకవు. కాని ఒక విషయం అక్కడే నేర్చుకున్నాము. చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్ వంటివి ఒక్కొక్కటిగా రుచి చూపిస్తే బిడ్డ దేనిని ఇష్టపడుతున్నాడో, ఏది పడడం లేదో తెలుస్తుంది. మన ఇళ్ళలో అన్నీ కలిపి ఒకే ముద్ద చేయడం వలన అది తెలియదు.

జాబు వ్రాసిన సోదరి ప్రశ్నకు ఇక వస్తాము. అమ్మా, మీ పుస్తకాల మొదటి పేజీ తిప్పి ముద్రణ సంవత్సరం చూడండి. నాలుగవ నెల అన్నది పాతది అయి ఉంటుంది. ఆరు నెలలు పూర్తిగా తల్లిపాలేనని ప్రపంచ ఆరోగ్య సభ 2001లో నిశ్చయించింది. అంతకు ముందటి పుస్తకాలు నాలుగు నుండి ఆరు అనేవి. మన వైపు మగబిడ్డకు ఆరవ నెలలో అన్నప్రాశన చేయడం వాడుక. ఆడపిల్లకు అయిదవ నెలలో చేసే ఇళ్ళవారు ముద్దను నాలుకకు తాకించి, అసలు భోజనం మరో నెల ఆపితే సరిపోతుంది. వేరుశనగ విషయమూ అంతే. పాత పుస్తకాలు మూడేళ్ళ వరకు దానిని దాచమనేవి. 2015లో లండనులో వెలువడిన ఒక పరిశోధన, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు మొదటి ఏట నుండే పెడితే ఎలర్జీ తగ్గుతున్నదని తేల్చింది. గింజలు మాత్రం కాదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తని ముద్దగా కలిపి పెట్టాలి. బిడ్డకు చర్మం మీద తీవ్రమైన దద్దుర్లు ఉంటే డాక్టరును అడిగిన పిమ్మటనే మొదలుపెట్టండి.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పోషణ లోపించిన పిల్లల కోసం చేసిన మిశ్రమం లెక్క మా ఇంటి తలుపు మీద ఏళ్ళ తరబడి అంటించి ఉండేది. గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొదటి మూడూ వేయించి విసిరి, బెల్లం కలపాలి. సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీను. బరువు సరిగా ఉన్న బిడ్డకు బెల్లం అవసరం లేదు. రెండేళ్ళు నిండేవరకు తీపి దూరంగా ఉంచమన్నదే నేటి సలహా.

ముక్కలు చేతికియ్యమనే మూడవ పుస్తకం సంగతి మాకు మనుమరాలి ద్వారా తెలిసింది. 1988లో అర్ధాకలితో ఏడ్చిన అమ్మాయి ఇప్పుడు తల్లి. గిల్ రాప్లీ, ట్రేసీ మర్కెట్ గార్లు 2008లో వ్రాసిన పుస్తకం చదివి, ఉడికించిన క్యారెట్ ముక్కను బిడ్డ పిడికిట్లో పెట్టింది. బిడ్డ ముక్కను నలిపి, జుట్టుకు రాసుకొని, మిగిలినది నోట పెట్టుకుంది. మాకు గుండె దడ. కాని తొమ్మిది, పది నెలలకు కూడా పలుకు తగలని గుజ్జే పెడితే తరువాత నమలడానికి పేచీ పెడతారని పిల్లల వైద్యులు చెబుతారు. ఆ సంగతి మా ఇంట ఋజువైనదే. వడకట్టిన అన్నం తిన్న మా అమ్మాయి నాలుగేళ్ళ వరకు కూరలో ముక్క కనిపిస్తే పళ్ళెం తోసివేసేది. చివరకు మనుమరాలికి మేము పప్పన్నం ముద్ద పెట్టడం, తల్లి పక్కన ఒక ముక్క చేతికి ఇవ్వడం అని ఒడంబడిక కుదిరింది. బిడ్డ కూర్చుని తింటుండగా ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలన్నది అందులో మొదటి షరతు.

ఉమ్మివేస్తున్నదని దిగులు పడవద్దు. కొత్త రుచిని ఎనిమిది, పది సార్లు చూపితే గాని ఒప్పుకోని పిల్లలు చాలమంది. బరువు రెండు నెలలు కదలకపోతే మాత్రం ఈ శీర్షిక చదువుతూ కూర్చోక, బరువు కార్డు పట్టుకొని డాక్టరు వద్దకు వెళ్ళండి.

మొన్న మా అమ్మాయి వంటింట్లో ఆ పుస్తకం తిరగవేశాము. పాలకూర వంటకం ఉన్న పేజీ అంచున పెన్సిలుతో వ్రాసుకున్నది: "సోమవారం: ఉమ్మింది. గురువారం: ఉమ్మింది. ఆదివారం: అమ్మమ్మ చేత్తో తింది, నా చేత్తో కాదు." దాని కింద ఇంకా నాలుగు గళ్ళు గీసి ఖాళీగా ఉంచింది. లాగ్ షీటు గీసే అలవాటు ఎవరి నుండి వచ్చిందో చెప్పనక్కరలేదు.

మీ మీ ప్రాంతాలలో బిడ్డకు తొలిసారి ఏమి పెడతారో, ఎలా వండుతారో కొలతలతో సహా వ్రాసి పత్రిక కార్యాలయంలోని ఉత్తరాల పెట్టెలో వేయగోరుతున్నాము. ఒడియా, మరాఠీ కుటుంబాల నుండి ఇంతవరకు ఒక్క జాబూ రాలేదు.