పేరులేని ముఖములు

ఛాయాచిత్రము జ్ఞాపకమును కాపాడునని మనవారందరు నమ్మియున్నారు. ఈ నమ్మకము సగమే నిజము. ఛాయాచిత్రము కాపాడునది ముఖమును మాత్రమే. ఆ ముఖమెవరిదో, ఆమె యే యూరి ఆడపడుచో, ఆనాడు ఆ యింట జరిగిన కార్యమేమో చిత్రము చెప్పజాలదు. అది ఇంటివారు చెప్పవలసిన మాట. వారు చెప్పక యూరకున్నచో ఒక తరములో చిత్రము మూగదగును. రెండవ తరములో చిత్తుకాగితమగును. మన యిండ్లలో ఇట్లు మూగవోయిన చిత్రములలో స్త్రీలవే యెక్కువ. ఇది దైవికముగా జరిగినది కాదు. మనము చేసిన పని. కావుననే కొంత కఠినముగా వ్రాయవలసివచ్చినది.

ఈ కళ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1839లో పారిసునందు డాగేరు పద్ధతి లోకమునకు వెల్లడి యైన పిమ్మట అర్ధశతాబ్దము నిండకమున్నే సికిందరాబాదులో లాలా దీనదయాళుగారి చిత్రశాల నెలకొనెను. 1844లో సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోరులో ఉద్యోగము చేసిన ఆయన, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా యనియు, ముసవ్విర్ జంగ్ అనియు బిరుదములందెను. 1892లో ఆయన హైదరాబాదున ఘోషాస్త్రీలకొరకు ప్రత్యేకముగా నొక చిత్రశాలను తెరచెను. ఎత్తైన గోడల నడుమ, పురుషులకు ప్రవేశము లేకుండ, కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత యాజమాన్యమున అచ్చట పని జరిగెను. ఆ కాలమున కది గొప్ప సంస్కారము. పరపురుషుని కంటబడని యిల్లాలికిని తన రూపమును తన సంతతికి విడిచిపోవు హక్కు కలదని ఆ చిత్రశాల యొప్పుకొన్నది.

కాని రూపము దక్కినంత మాత్రమున మనిషి దక్కునా? దీనదయాళుగారి సంస్థవారే 1899-1900 నాటి కరవులో నిజాము ప్రభుత్వము నడపిన సహాయ కార్యములను గూడ చిత్రించిరి. ప్రభువుల చిత్రములక్రింద పేళ్లున్నవి, బిరుదములున్నవి. ఆకలితో వచ్చి నిలిచినవారు కరవు జనముగానే మిగిలిపోయిరి. మన యిండ్ల గోడలును ఇంచుమించు ఆ ఆల్బములవంటివే. తాతగారి పటము క్రింద పూర్తి పేరు, ఉద్యోగము, జనన మరణముల తేదీలు ఉండును. ప్రక్కనున్న పటము క్రింద ‘ధర్మపత్ని’ అని యుండును. కొన్నియెడల అదియు నుండదు.

ఉత్తరరామచరితము చదివినవారికి అందలి చిత్రదర్శనము జ్ఞాపకముండును. పటములోని పెండ్లికూతుండ్రను లక్ష్మణుడు వదినెగారికి చూపుచు ఆమెను, మాండవిని, శ్రుతకీర్తిని వరుసగా చెప్పును. తన భార్యయైన ఊర్మిళను మాత్రము దాటవేయును. ఆ మిగిలిన యామె యెవరని సీత అడుగును. లక్ష్మణుడు సిగ్గుపడి, మాట తప్పించి, పరశురాముని చూపును. భవభూతి దీనిని ముచ్చటకొరకు వ్రాసెను. కావ్యమున నది ముచ్చటయే. మన తాతముత్తాతలును లక్ష్మణునివలెనే భార్య పేరు పలుకుటకు సిగ్గుపడిరి. కాని ఆమె యెవరని నిలదీసి యడుగుటకు మన యిండ్లలో సీత లేకపోయెను. భార్యయు భర్త పేరు పలుకలేదు గదా యని కొందరనవచ్చును. నిజమే, కాని భర్త పేరు పట్టాలో నుండెను, దస్తావేజులో నుండెను, శుభలేఖలో నుండెను. భార్య పేరు పుట్టింటివారి నోట మాత్రమే యుండెను. ఆ నోళ్లు మూతపడగానే అదియు పోయెను.

ఈ నష్టము పల్లెకంటె పట్టణపు పొలిమేరలలో హెచ్చు. నేను కాపురముండు నాగారమునే చూడుడు. కీసరకు పోవు దారిలో ఇది యొకప్పుడు సేద్యపు పల్లె. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, 1971లో అణు ఇంధన సంస్థ ఈ ప్రక్కల వెలసిన తరువాత పలు జిల్లాల సంసారములు ఈ వైపునకు చేరినవి. పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లు కాలనీలయినవి. సొంత యూరిలో నున్నప్పుడు పాత పటములోని ముఖమును పోల్చుటకు పొరుగింటి ముసలమ్మ చాలును. భాసుని ప్రతిమానాటకములో ప్రతిమాగృహపు పూజారి భరతునకు ఈయన దిలీపుడు, ఈయన రఘువు, ఈయన అజుడు అని చెప్పినట్లు ఆమె చెప్పగలదు. తన వంశమువారి ప్రతిమల యెదుట నిలిచిన భరతునికే చెప్పువాడొకడు కావలసివచ్చెను గదా! నాగారపు కాలనీలో అట్టివారు లేరు. ప్రక్కయింటివారిది ఖమ్మము, ఎదురింటివారిది నల్లగొండ. ఒకరి తాతమ్మను మరియొకరెరుగరు. ఇంటనున్న పాత చిత్రము నొకదానిని తెచ్చి అందలివారి పేళ్లు చెప్పుడని నా తరగతి పిల్లలను కోరితిని. తాతల పేళ్లు చాలమంది చెప్పిరి. ముసలి స్త్రీల దగ్గరకు వచ్చునప్పటికి ‘నాయనమ్మ వాళ్ల అమ్మ’ అని యాగిపోయిరి. వరుస తెలియును, పేరు తెలియదు. తప్పు పిల్లలది కాదు. వారికి చెప్పినవారు లేరు.

ఇంతకంటె ఘోరమైనది భర్త గతించిన స్త్రీల సంగతి. పెండ్లిలో పీటలయొద్ద చిత్రము తీయువేళ ‘కొంచెము ప్రక్కకు జరుగమ్మా’ యని కన్నతల్లినే తొలగించు ఆచారము చదువుకొన్నవారి యిండ్లలో సయితము చావలేదు. నెల దినములు బియ్యము బాగుచేయుటకు, పసుపు కొట్టించుటకు, తన మెడలోని గొలుసు కుదువబెట్టి సొమ్ము తెచ్చుటకు ఆమె అమంగళము కాదట; చిత్రములో నిలుచుటకు మాత్రము అమంగళమట! ఆమె గతించిన దినమున బీరువాలన్నియు గాలింతురు. ఒంటరిగా తీయించిన చిత్ర మొక్కటియు దొరకదు. తుదకు ఆధారు కార్డులోని గోరంత బొమ్మను పెద్దది చేయించి, దండవేసి, దశదినకర్మనాడు నిలువబెట్టుదురు. కన్నబిడ్డలు తీయింపని చిత్రమును సర్కారువారు తీసియుంచినందున ఆమె ముఖము దక్కినది. ఇదియా మన మాతృభక్తి?

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది నవీనులది. ప్రతివారి చేతను సెల్‌ఫోను కలదు, వేలకొలది చిత్రములు కలవు, తేదీని యంత్రమే వ్రాసికొనును, ఇంక బెంగ యేల యందురు. యంత్రము తేదీ వ్రాయును, స్థలము వ్రాయును; ఒకే ముఖము గల చిత్రములను ఒకచోట చేర్చుటకు గూడ నేర్చినది. కాని ఈమె మన మేనత్త యనియు, నీ తండ్రికి ఫీజు కట్టుటకు పాడియావు నమ్ముకొన్నది ఈమెయే యనియు యంత్రమెట్లు చెప్పగలదు? పైగా ఫోను మార్చినప్పుడు కొన్ని చిత్రములు పోవును. వాట్సాపులో చేతులు మారిన కొలది కొన్ని వన్నె తగ్గును. యజమాని కన్నుమూసినచో ఆయన యెరిగిన సంకేతపదముతోపాటు అన్నియు తాళములో పడును. పూర్వము ఇంటికి నాలుగు చిత్రములుండెను గనుక వానిని బయటికి తీసి నలుగురు చూచెడివారు. చూచునప్పుడు మాట సాగెడిది. నేడు పదివేలున్నను చూచువారు లేరు.

రెండవ యాక్షేపణ వేదాంతులది. దేహమే అనిత్యము, దాని నీడకొరకింత ఆరాటమేల యందురు. ఈ మాట తాతగారి పటమునకు వన్నెల చట్రము కట్టించునప్పుడు ఎవరికిని తోచదు. నాయనమ్మ పేరు వ్రాయుమన్నప్పుడే తోచును. శాస్త్రమే ప్రమాణమందురా? తర్పణము విడుచునప్పుడు తండ్రి, తాత, ముత్తాతలను మాత్రమే తలంతుమా? తల్లిని, నాయనమ్మను, ఆమె యత్తగారిని గూడ పేరు చెప్పి తలపవలదా? పురోహితుడు ఆ పేరడిగినప్పుడు ఎందరు గృహస్థులు నీళ్లు నమలుచున్నారో ఆయననే అడుగుడు. పేరు తెలియని తల్లికి విడిచిన నీరు ఎవరికి చెందును? ఇందులో సంస్కర్తయు, సనాతనుడును కలిసి నడువగల మార్గమే యున్నది.

ముఖముకంటె పేరెంత గట్టిదో చూడదలచినచో 1881 డిసెంబరు 11వ తేదీని స్మరింపుడు. ఆనాడు రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహములో వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఆమె చిత్రమును మనలో పెక్కుమంది చూచియుండరు. అయినను ఆమె మరుగుపడలేదు. ఏలయన, ఆమె కథ పేరుతో సహా వ్రాయబడినది. ముఖము లేకున్నను పేరు నిలిచినది. పేరు లేని ముఖములు మాత్రము మన పెట్టెలలో చెదల పాలగుచున్నవి.

చేయవలసిన పని పెద్దది కాదు. వచ్చు పండుగకు ఇంటిలో మిక్కిలి పెద్దవారిని నడుమ కూర్చుండబెట్టుడు. పాత చిత్రముల నొక్కొక్కటిగా వారి చేతికిండు. మెత్తని పెన్సిలుతో చిత్రము వెనుక వ్రాయుడు; బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపునకు తేలును. వ్రాయునప్పుడు ‘ఫలానావారి భార్య’ యని వ్రాయకుడు. ఆమె పేరు, ఆమె పుట్టిన యూరు, ఆమె చేసిన పని యొకటి వ్రాయుడు. చిత్రములో నిలుచుటకు వీలులేకపోయినవారి పేళ్లును వ్రాయుడు. వెల్లవేసిన గోడకు, ఎండకు చిత్రములను దూరముగా నుంచుడు. రంగు చిత్రములు ఎండకు త్వరగా వెలిసిపోవును. జిగురు పుటల ఆల్బములను వర్జింపుడు. ఒక్కొక్క ప్రతిని తోబుట్టువుల యిండ్లలో నుంచుడు. ఇక రాబోవు పెండ్లిలో, భర్త యున్నను లేకున్నను, తల్లిని నడుమ నిలువబెట్టి మొదటి చిత్రము తీయింపుడు. అభ్యంతరము చెప్పువారుందురు, ఆ దినమునకు వారినే ప్రక్కకు జరుగుమనుడు.

పెద్దవారి కంటిచూపు, జ్ఞాపకము రెండును తరుగుచున్నవి. నేడు అడిగిన చెప్పగలవారు ఏడాదికి చెప్పలేకపోవచ్చును. కావున ముహూర్తము చూడక మొదలిడుడు.