మూతి రుద్దే పాండిత్యం

"కుక్క ఇంట్లో తడిపిందా? మూతి పట్టుకుని ఆ తడిలోనే రుద్దండి, పైన రెండు తగిలించండి, మూడో రోజుకి దానంతటదే దారికొస్తుంది." ఈ ఉపదేశం నాకు చేయనివారు మా అపార్టుమెంటులో బహుశా వాచ్‌మన్ ఒక్కడే. కుక్కను ఏనాడూ పెంచని వారు సైతం ఈ ఒక్క శాస్త్రంలో మాత్రం నిష్ణాతులు. ఈ పాండిత్యం మీదనే నా యుద్ధం. ఇది అజ్ఞానమనీ, అజ్ఞానంతో ఆగక హింస అనీ, హింస అయినందుకు కనీసం ఫలితమైనా దక్కని వ్యర్థహింస అనీ నా అభియోగం. ఇంత గట్టిగా చెప్పడానికి నీకున్న అర్హత ఏమిటని మిత్రులు అడగవచ్చు. ఆ ఉపదేశాన్ని అక్షరాలా పాటించినవాణ్ణి, అదే నా అర్హత.

నేను తెలుగు పంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. బెజవాడలో మూడో అంతస్తులో కాపురం. ఒక వానాకాలం సాయంత్రం మా మనవడు జేబురుమాలులో చుట్టి ఒక వీధికుక్క పిల్లను తెచ్చాడు. ఆడపిల్ల. పేరు పెట్టమంటే, పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, 'సరమ' అన్నాను. దేవశుని పేరు. సారమేయమన్న మాట ఆమె నుంచే పుట్టిందని వాడికి ఒక పాఠం కూడా చెప్పాను. వాడు రెండో రోజుకే దాన్ని 'సారా' చేశాడు, అది వేరే సంగతి. పిల్ల చురుకైనది. నెల తిరగకుండానే తలుపు దగ్గర నిలబడి గీరడం, కిందికి తీసుకెళ్తే వేపచెట్టు మొదట్లో పని ముగించుకు రావడం నేర్చుకుంది. నాలుగేళ్ళు ఏ గొడవా లేదు.

నాలుగో ఏడు వేసవిలో మొదలైంది. నా పుస్తకాల బీరువా ముందు పరిచిన జంపఖానా మీద, సరిగ్గా సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు ఉన్న అడుగు అరకు ఎదురుగా, రోజుకు నాలుగైదుసార్లు తడపడం. ఒక సంపుటం అట్ట ఉబ్బిపోయింది. ఇల్లంతటిలో దానికి ఈ చోటే దొరికిందా అని నాకు ఒళ్ళు మండింది. పక్కింటాయన, కిందింటాయన, లిఫ్టులో తగిలిన ఆయన, ముగ్గురూ ఒకే మంత్రం చెప్పారు. మంత్రానికి కిందింటాయన ఒక ఉపమంత్రం చేర్చారు: "నీళ్ళు తగ్గించండి మాస్టారూ, లోపలికి పోకపోతే బయటికేం వస్తుంది?"

పదకొండు రోజులు. మూతి రుద్దాను. పేపరు చుట్టి కొట్టాను. నీళ్ళ గిన్నె తీసి ఎత్తుమీద పెట్టాను. బెజవాడ మే నెల ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఈ ఒక్క వాక్యం చాలు. మా ఆవిడ మాత్రం "ఏమండీ, దానికేదో అయిందండీ, ఇదివరకు ఇలా చేసేది కాదు గదా" అంటూనే ఉంది. నీకేం తెలుసన్నాను. ఈలోగా సరమ బీరువా దగ్గర మానేసి మంచం కింద, సోఫా వెనక పోయసాగింది. చూశావా దొంగతెలివి అన్నాను. పన్నెండో రోజున తెల్లగచ్చు మీద ఆ తడి ఎర్రగా కనిపించింది.

పశువైద్యశాలలో ఉన్నావిడ చిన్నపిల్ల, నా ఆఖరి సంవత్సరపు విద్యార్థినుల ఈడు. మూత్రపరీక్ష, స్కానింగు చేయించి, కాగితం మీద మూత్రాశయం బొమ్మ గీసి చూపించింది. ఇన్‌ఫెక్షను, దాని వెంట స్ట్రూవైట్ రాళ్ళు. 

"నీళ్ళు బాగా తాగుతోందా మాస్టారూ?"

నేను చెప్పాను.

ఆ అమ్మాయి కలం బల్లమీద పెట్టేసింది. కాసేపటికి, "మూత్రం చిక్కబడితే రాళ్ళు ఇంకా పెరుగుతాయండీ. మంట పుడుతుంటే అదెక్కడ ఆపుకోగలదు? తలుపు దాకా రాలేకపోయింది, అంతే" అంది. కొట్టారా అని అడగలేదు. సరమ నా చేతికి దూరంగా బల్ల అంచున ముడుచుకుని ఉంది, అడగవలసిన అవసరం లేకపోయింది.

మిత్రులారా, 'మొండి' అన్న విశేషణం ఎంత సుఖమైనదో గమనించారా? ఆ ఒక్క మాట అనగానే మన విచారణ ముగిసిపోతుంది. దోషం అవతలివాడి స్వభావంలో ఉందని తేల్చేశాక కారణం వెతికే పని ఎవరికుంటుంది? ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉన్న కుక్క హఠాత్తుగా ఇల్లు తడపడం మొదలుపెడితే మొట్టమొదట అనుమానించవలసింది దాని బుద్ధిని కాదు, శరీరాన్ని. మూత్రనాళపు ఇన్‌ఫెక్షను, రాళ్ళు, చక్కెర వ్యాధి, మూత్రపిండాల జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించిన ఆడకుక్కల్లో కొన్నింటికి తరవాతి ఏళ్ళలో నిద్రలోనే కారిపోతుంది; దానికి మందు ఉంది, దెబ్బ మందు కాదు. ముసలి కుక్క మరచిపోతుంది, నేను కళ్ళద్దాలు మరచిపోయినట్టే. మూడు నెలల పిల్ల పగటిపూట మూడు నాలుగు గంటలకు మించి బిగబట్టలేదు, దానికింకా ఆ పట్టు రాలేదు. కొన్ని, యజమాని గుమ్మంలో అడుగుపెట్టగానే ఒదిగిపోయి రెండు చుక్కలు విడుస్తాయి. అది భయభక్తుల భాష. దానికి కోప్పడితే మరింత ఒదిగి మరింత విడుస్తాయి. అప్పుడు మీదికి వంగకుండా, పక్కకు తిరిగి కూర్చుని, పట్టించుకోనట్టు ఉండటమే ఉపాయం. ఇక మగకుక్క కాలెత్తి గోడకో కుర్చీకోడుకో కాసింత చల్లడం మూత్రవిసర్జనే కాదు, అది తన చిరునామా రాసుకోవడం. ఆపరేషనుతో చాలావాటికి అది తగ్గుతుంది గాని అన్నింటికీ పూర్తిగా పోదు. ఇన్ని వేరువేరు సంగతులకు మన పండితుల దగ్గర ఉన్న చికిత్స ఒక్కటే: మూతి.

పోనీ, జబ్బు లేని కుక్క విషయంలోనైనా ఆ చికిత్స పనిచేస్తుందా? కుక్క తాను చేసిన పనికీ, వచ్చిన ఫలితానికీ ముడి వేసుకోగలిగేది క్షణాల వ్యవధిలో. మనం ఆఫీసు నుంచో సంత నుంచో వచ్చి, ఎప్పుడో మధ్యాహ్నం పోసినదానికి సాయంత్రం మూతి రుద్దితే, దానికి అర్థమయ్యేది ఇంతే: యజమాని, తడి, ఈ రెండూ ఒక్కచోట ఉంటే ప్రాణగండం. కనుక యజమాని చూడని చోటు వెతుక్కుంటుంది. మంచం కింద సరమ చేసినది అదే, దొంగతెలివి కాదు. అంతకంటె విపరీతం ఏమిటంటే, అలా భయపడ్డ కుక్క బయటికి తీసుకెళ్ళినా మన ఎదుట పోయడానికి జంకుతుంది, ఇంటికొచ్చి చాటుగా పోస్తుంది. దీన్ని చూసి 'ఎంత మొండిదో' అని మళ్ళీ కొడతాం.

"అబ్బే, తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూడండి" అనేవారికొక సమాధానం. 2009లో న్యూయార్కులోని బార్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ పద్నాలుగు కుక్కలతో ఒక ప్రయోగం ప్రచురించారు. తినవద్దన్న తినుబండారం ముందు కుక్కను వదిలి యజమానిని బయటికి పంపడం, తరవాత అది తిన్నదని కొందరికీ, తినలేదని కొందరికీ చెప్పడం, చెప్పినది ఒక్కోసారి అబద్ధం కావడం. తేలింది ఏమిటంటే, ఆ దోషిమొహం కుక్క తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. తినకుండా బుద్ధిగా ఉండి కూడా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ మొహం మరీ ఎక్కువట. నేను పదకొండు రోజులు చూసినది పశ్చాత్తాపం కాదు, నా ముఖానికి పట్టిన అద్దం.

మధ్యలో ఒక శిక్షకుడిని కూడా పిలిపించాను. ఆయన వచ్చీ రాగానే నన్నే ఆపాదమస్తకం చూసి, తోడేళ్ళ మందకు నాయకుడుంటాడు, మీరు నాయకుడిగా నిలబడలేదు గనుకే అది మీ ఇంటిని ఆక్రమిస్తోందని సిద్ధాంతం చెప్పాడు. కుక్కను వెల్లకిలా పడదొక్కి పట్టుకోవాలన్నాడు. ఈ సిద్ధాంతం పుట్టుక తరవాత చదివాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బందీగా ఉంచిన తోడేళ్ళను చూసి రాసిన పరిశీలన దాని మూలం. ఎరగని తోడేళ్ళను ఒక ఆవరణలో కుక్కితే కొట్టుకోక ఏం చేస్తాయి? 1970లో తన పుస్తకంతో ఆ ఊహకు ప్రచారం కల్పించిన డేవిడ్ మెక్, తరవాత అడవిలో ఏళ్ళ తరబడి తోడేళ్ళను చూసి, మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమే తప్ప సింహాసనపు పోరు కాదని 1999లో రాశాడు. తన పాత పుస్తకాన్ని అచ్చువేయడం ఆపమని ప్రచురణకర్తలను తానే కోరాడు. కర్త వదులుకున్న సిద్ధాంతాన్ని మన శిక్షకులు నెలకింత అని వసూలుచేసి ఇప్పటికీ అమ్ముతున్నారు. పశువుల ప్రవర్తనను చదివిన అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ప్రకటించినది, ఏ కుక్కకైనా బహుమతితో కూడిన శిక్షణే తగినదని.

ఇక మన సంప్రదాయమనేవారు. మా తాతగారింట కుక్క ఉండేది. అది గడప దాటి లోపలికి రాలేదు. వీధరుగు, గడ్డివామి, ఊరి చెరువుగట్టు, అంతా దాని ఇల్లే. తడపకూడని చోటన్నదే లేనప్పుడు శిక్షించేదెవరు? మూతి రుద్దడం మన పెద్దల విద్య కాదు, గచ్చునేలల ఫ్లాటుల్లో పుట్టిన విద్య. దండానికి పది గుణాలున్నాయన్న శ్లోకం మరొకాయన వినిపించారు. ఆ మాటను పిల్లల్ని బాదడానికి నేనూ బడిలో వాడుకున్నవాణ్ణే గనుక సిగ్గుపడుతూనే చెబుతున్నాను. శ్లోకం పూర్తిగా చదవండి. పక్షుల్నీ, కుక్కల్నీ, పాముల్నీ అదిలించడానికి, బురదలో, నీటిలో, చీకట్లో, ముసలితనంలో ఊతానికి చేతికర్ర పనికొస్తుందని దాని తాత్పర్యం. దారిన పోయేవాడి ఆత్మరక్షణ గురించిన మాట అది. పెంచుకున్న ప్రాణిని వంగదీసి కొట్టమని అందులో ఎక్కడా లేదు.

సంప్రదాయమే కావాలంటే భారతానికే వెళదాం. ఆదిపర్వం మొదట్లోనే ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు ఆడుకుంటూ వస్తే రాజు తమ్ముళ్ళు కొట్టారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. తల్లి వెంటనే శాపనార్థాలకు దిగలేదు. నువ్వేమైనా తప్పు చేశావా అని ముందు కొడుకును అడిగింది. హవిస్సును చూడనూ లేదు, నాకనూ లేదు అన్నాడు. అప్పుడు వెళ్ళి, నిరపరాధిని ఎందుకు కొట్టారని రాజును నిలదీసింది. జవాబు రాలేదు. చెప్పాపెట్టకుండా ముంచుకొచ్చే భయం మీకు కలుగుగాక అంది. ఈ ఘట్టం నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ ఆడకుక్క చేసినపాటి విచారణ, ముప్పై ఏళ్ళు ఆ పాఠం చెప్పిన నేను చేయలేదు. పైగా నేను కొట్టిన దాని పేరు సరమ.

మందులు, వైద్యులు చెప్పిన ప్రత్యేక ఆహారం, నిండుగా నీళ్ళు, కొన్ని వారాలకు రాళ్ళు కరిగాయి. కాని జంపఖానా చోటు వదల్లేదు. ఇక్కడ నా రెండో తప్పు బయటపడింది. ఇన్నాళ్ళూ ఫినాయిలు కుమ్మరించి కడిగాను. ఫినాయిలు మన ముక్కును మోసగిస్తుంది గాని కుక్క ముక్కును కాదు. దాని కింద పాత వాసన అలాగే ఉంటుంది, కుక్కకు అదొక బోర్డు, 'ఇచ్చట పోయవచ్చును' అని. పైగా ఆ రసాయనం కుక్కకు విషం. అమ్మోనియా కలిసిన ద్రావకాలైతే సాక్షాత్తు మూత్రపు వాసనే. మూత్రపు పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైము ద్రావకం తెచ్చి, నానబెట్టి తుడిచాం. జంపఖానా పారేశాం. ఆ చోటనే దాని అన్నం గిన్నె పెట్టాం, తినే చోట తడపడానికి కుక్కలు సాధారణంగా ఇష్టపడవు.

మనవడు ఒక నోటుబుక్కు పెట్టాడు. లేచిన వేళ, తిన్న వేళ, పోసిన వేళ. వారానికే లెక్క తేలింది: నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆడిన వెంటనే, పడుకోబోయే ముందు. ఆ వేళలకు మేమే ముందుగా కిందికి తీసుకెళ్ళాం. అదే వేపచెట్టు, గొలుసు వదులుగా, మాటాపలుకూ లేకుండా నిలబడటం. పని ముగిసిన మరుక్షణం, ఇంటికొచ్చాక కాదు, అక్కడే, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి. (శాకాహారి ఇంట్లో ఈ ముక్కలు ఎవరు ఉడికించారన్నది మా గృహరహస్యం.) ఆ తరవాత పది నిమిషాలు షికారు. ఈ షికారు ముఖ్యం. పోయగానే ఇంటికి లాక్కొస్తే, పోస్తే సరదా అయిపోతుందని కుక్క గ్రహించి బిగబట్టుకుంటుంది. ఇంట్లో కనిపెట్టి చూడలేని సమయాల్లో వరండాకే పరిమితం. లోపల పొరపాటు జరిగితే నోరెత్తకుండా తుడవడం. ఐదు వారాల్లో రెండు పొరపాట్లు జరిగాయి, ఆ తరవాత లేవు.

"ఇంత తీరిక ఎవరికుందండీ" అంటారు. పదకొండు రోజులు కొట్టడానికి నాకు తీరిక దొరికింది గదా! తీరిక లేదన్నవారు చివరికి ఏం చేస్తున్నారో కూడా చూశాను. మా వీధిలోనే ఒకరు, ఇల్లు పాడుచేస్తోందని తమ లాబ్రడార్‌ను కారులో తీసుకెళ్ళి జాతీయ రహదారి పక్కన దింపి వచ్చారు. "ఎవరో ఒకరు పెంచుకుంటారు లెండి" అని కాఫీ తాగుతూ చెప్పారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో నేరం. తొలి నేరానికి ఆ చట్టం రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ కాఫీ ధర అంతకంటె ఎక్కువ ఉంటుంది.

సరమ ఇప్పుడు బాగానే ఉంది. ఉబ్బిన సంపుటాన్ని ఎండబెట్టి బీరువాలోనే ఉంచాను. కాని పొద్దున నేను పేపరు మడిచి చేతిలోకి తీసుకున్నానంటే, అది పడుకున్న చోటు నుంచి లేచి చెవులు వెనక్కి వాల్చి మా ఆవిడ వెనక్కి పోతుంది. అందుకని పేపరు బల్లమీద పరిచి, వంగి చదువుతున్నాను.