పల్లె చర్చి గోడలను చదివేదెవరు?

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో 2010 నుంచి వలంటీర్లు పల్లె చర్చిల గోడలపై టార్చిలైటు ఏటవాలుగా వేసి, మధ్యయుగాల నాటి గీతలను నమోదు చేస్తూ వచ్చారు. ఓడల బొమ్మలు, పేర్లు వెలుగుచూశాయి. అవి రాజుల చరిత్రకెక్కని సామాన్యుల ఆనవాళ్లు.

మనకు ఈ పని మరింత అవసరం. 1878 జులై 3న ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వారిలో అత్యధికులు మాదిగలు. భూమి పత్రాల్లో పేరు కనిపించని ఎన్నో దళిత కుటుంబాలకు చర్చి రిజిస్టరు, సమాధి రాయే వంశచరిత్ర.

పాత చర్చి తీసేసి కొత్తది కట్టుకోవడం సంఘం ఇష్టం. జాతీయ ప్రాధాన్య కట్టడాలను చూసే కేంద్ర పురావస్తు శాఖ ప్రతి పల్లెకూ రాదు. కూల్చేముందు ఫొటోలు తీసి, రిజిస్టర్లు స్కాన్ చేయాలి. అందుకు సంఘం ఒప్పుకొని, ఊళ్లో చదువుకున్న నలుగురు పూనుకుంటే చాలు.