లేఖరి క్రొత్తవాడు, సంతకము మనదే



ఈ నెల మన శీర్షికలో ఒక క్రొత్త లేఖరిని గూర్చి మాటలాడుకొందము. ఇతనికి కలము లేదు, కాగితము లేదు. ఆహ్వానపత్రిక వ్రాయుమని అడిగినయెడల నిమిషములో వ్రాసియిచ్చును. పది పుటల కమిటీ తీర్మానములను పది పంక్తులకు కుదించును. లెక్కల పట్టికను చూచి, ఏ నెలలో ఖర్చు పెరిగినదో చెప్పును. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ వంటి ఆఫీసు ప్రోగ్రాములలోనే ఇప్పుడు ఇతడు వచ్చి కూర్చున్నాడు. కృత్రిమ మేధస్సుతో, అనగా ఏఐతో పనిచేయు ఈ సహాయకుని గూర్చి మన యౌవనస్థులకు కొంత తెలియును. అయితే సంఘ కార్యదర్శులు, స్త్రీల సమాజపు లెక్కలు వ్రాయు తల్లులు, పాస్టరమ్మగార్లు కూడ తెలిసికొనుట మంచిది. ఏలయనగా ఆ యంత్రము వ్రాసిన కాగితము క్రింద సంతకము చేయవలసినది వారే.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2023 మార్చి 16న తన ఆఫీసు ప్రోగ్రాములకు కోపైలట్ అను సహాయకుని ప్రకటించినది. ఆ సంస్థకు 2014 నుండి ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్నవారు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లగారే. 2023 నవంబరు 1 నుండి పెద్ద సంస్థలకు, 2025 జనవరి నుండి ఇండ్లలో వాడు చందాదారులకు ఇది అందినది. గూగుల్ వారి సహాయకుని పేరు జెమిని. 2024 జూన్ నుండి మన దేశములో జెమిని యాప్ తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలలో లభించుచున్నది. కోపైలట్ అనగా విమానములో పైలట్ ప్రక్కన కూర్చుండు రెండవ పైలట్ అని అర్థము. ఆ పేరులోనే మనకొక పాఠమున్నది. ప్రక్క సీటు అతనిది, విమానము నడుపు బాధ్యత మనది.

పూర్వము మన గ్రామములలో ఉత్తరము వ్రాయించుకొనుటకు చదువు వచ్చినవారి యొద్దకు పోవుట మామూలే. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి కాగితమంతయు వ్రాసి, పైకి చదివి వినిపించి, తరువాత వ్రేలిముద్ర వేయించెడివాడు. వ్రాసినది లేఖరియైనను, పొలము పోయినా నిలిచినా వ్రేలిముద్ర వేసినవానిదే. బైబిలులో యిర్మీయా ప్రవక్తకు బారూకు అను లేఖరి ఉండెను. యిర్మీయా 36వ అధ్యాయము చదివిన యెడల, ప్రవక్త నోట వచ్చిన మాటలను బారూకు సిరాతో గ్రంథపు చుట్టలో వ్రాసినట్లు కనబడును. రాజు ఆ చుట్టను కాల్చివేసినను బారూకు మరల వ్రాసెను. నమ్మకమైన లేఖరి!

మన క్రొత్త లేఖరికిని బారూకుకును గొప్ప భేదమున్నది. బారూకు విన్నది వ్రాసెను. ఈ యంత్రము వినని దానినికూడ వ్రాయును. కారణమేమనగా, ఇది లెక్కలేనన్ని పుస్తకములు, పత్రికలు, ఇంటర్‌నెట్ వ్రాతలు చదివించి తయారు చేసినది. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో ఆ చదువును బట్టి అంచనా కట్టి, మాట వెంట మాట పేర్చుకొనుచు పోవును. అది సాక్షి కాదు, కన్నది చెప్పదు. సరిగా తెలిసిన సంగతిని ఎంత ధీమాగా వ్రాయునో, తెలియని సంగతినికూడ అంత ధీమాగానే వ్రాయును.

ఒక ఉదాహరణ చూడుడి. మన పశ్చిమ గోదావరి జిల్లాకు చాలకాలము ఏలూరు ముఖ్య పట్టణము. తూర్పు గోదావరికి కాకినాడ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు పశ్చిమ గోదావరికి భీమవరము, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరము, క్రొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అమలాపురము కేంద్రములైనవి. అయితే పుస్తకములలోను వెబ్ పుటలలోను పాత సంగతి విస్తారముగా నిలిచియున్నది. కలెక్టరుగారికి అర్జీ వ్రాయుమన్నప్పుడు ఈ లేఖరి పాత చదువును బట్టి పాత ఊరికే అర్జీ పంపవచ్చును. మనవాడు బస్సెక్కి ఏలూరు పోయి, ఇది ఇక్కడ కాదనిపించుకొని తిరిగి రావలసివచ్చును.

ఇక మొదలుపెట్టు విధానము. ముందుగా మీ కంప్యూటరులో ఉన్నది క్రొత్త వర్డా, పాత వర్డా చూచుకొనుడి. పది పదిహేనేండ్ల క్రిందట సీడీతో వేసిన వర్డ్‌లో ఈ సహాయకుడు ఉండడు. క్రొత్త వర్డ్‌లో కోపైలట్ అను గుర్తు కనబడును. గూగుల్ డాక్స్‌లో జెమిని గుర్తు, ఆ సౌకర్యము గల ఖాతాలకు కనబడును. ఆఫీసు ప్రోగ్రాములలోపల వాడుటకు చాలవరకు చందా కట్టవలెను. అయితే కోపైలట్, జెమిని రెండును విడిగా వెబ్‌సైటులోను ఫోనులోను ఉచితముగా కొంతవరకు దొరకును. అక్కడ వ్రాయించుకొని వర్డ్‌లో అతికించుకొనవచ్చును. కాబట్టి చందా కట్టకముందు ఒక నెల ఉచితమైన దానితో అభ్యాసము చేయుడి. నెట్ లేనిదే ఇది పనిచేయదని కూడ జ్ఞాపకముంచుకొనుడి.

రెండవది, అడుగు పద్ధతి. దీనిని ప్రాంప్ట్ అందురు. "కోత పండుగకు ఆహ్వానము వ్రాయుము" అని మాత్రమే అడిగినచో, ఏ దేశపు కోత పండుగకో సరిపడు పూల మాటలు వచ్చును. ఎవరికి, ఎందుకు, ఏ సంగతులు, ఎంత పొడవు, ఈ నాలుగును చెప్పవలెను. ఈ విధముగా అడుగుడి: "మా గ్రామ సంఘములో సార్వా పంట ఇంటికి వచ్చిన తరువాత కృతజ్ఞతార్పణ పండుగ జరుపుచున్నాము. చుట్టుప్రక్కల నాలుగు సంఘముల పెద్దలకు ఆహ్వానము వ్రాయుము. ఆదివారము ఉదయము 10 గంటలకు ఆరాధన, తరువాత కానుకల వేలము, ప్రేమవిందు. ఎనిమిది పంక్తులు మించవద్దు. తేలిక తెలుగులో, గౌరవముగా ఉండవలెను. నేను చెప్పని సంగతి ఏదియు చేర్చవద్దు. తెలియని చోట ఖాళీ గీత విడువుము." ఈ చివరి రెండు మాటలు ప్రతిసారి వ్రాయుట అలవాటు చేసికొనుడి. తప్పులన్నియు పోవు గాని చాలవరకు తగ్గును.

మొదటి ప్రతి నచ్చనియెడల విడిచిపెట్టక, పనివానికి చెప్పినట్లే మరల చెప్పుడి. "రెండవ పంక్తి మరీ పొడవు", "ఈ మాట మా వాడుకలో లేదు" అనినచో మార్చి వ్రాయును. ఇంగ్లీషుతో పోల్చినచో తెలుగు వ్రాతలు దీనికి చదువుటకు తక్కువ దొరికినవి. అందువలన దీని తెలుగు తరచుగా అనువాదపు తెలుగువలె బిరుసుగా నుండును. వ్రాసిన దానిని ఇంటిలో చదువురాని పెద్దమ్మకో నాయనమ్మకో పైకి చదివి వినిపించుడి. "ఎవరే ఇట్లా మాటలాడేది?" అని ఆమె అడిగిన చోటెల్ల దిద్దుకొనుడి. అంతకు మించిన పరీక్ష మరియొకటి లేదు.

మూడవది, లెక్కలు. సంఘములో సంవత్సరమునకు 52 ఆదివారముల కానుకలను ఎక్సెల్‌లో వ్రాసితిరనుకొనుడి. "మొత్తమెంత?" అని సహాయకుని అడిగి అతడు చెప్పిన అంకెను నివేదికలో వేయవద్దు. "మొత్తము కట్టుటకు ఏ సూత్రము వాడవలెను?" అని అడుగుడి. సమ్ అను సూత్రము చెప్పును. దానిని గడిలో వేసినప్పుడు కూడునది మాటలు పేర్చు యంత్రము కాదు, లెక్కకట్టు ఎక్సెల్. తరువాత ఒక నెల ఆదివారములను చేతితో కూడి సరిచూడుడి. కోశాధికారి మాట మీద సంఘమంతయు నమ్మకముంచినది. ఆ నమ్మకము ఒక్క తప్పు అంకెతో చెదరగలదు.

ఇప్పుడు మన ప్రాంతపు బరువైన సంగతి ఒకటి. కోనసీమనుండి, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములనుండి ఎందరో అక్కచెల్లెండ్రు కువైటు మొదలగు గల్ఫ్ దేశములకు ఇంటిపనికి పోయియున్నారు. జీతము ఇవ్వలేదనియు, పాస్‌పోర్టు ఇంటి యజమాని దాచుకొన్నాడనియు ఫోనులో ఏడ్చు తల్లి మాట విని, ఆమె బిడ్డలు పాస్టరుగారి యొద్దకే వచ్చెదరు. "అయ్యగారూ, ఒక అర్జీ రాయించండి" అని అడుగుదురు. ఇట్టి ఫిర్యాదులకు విదేశాంగ మంత్రిత్వశాఖ 2015లో మదద్ అను పోర్టల్ తెరచినది. మన రాష్ట్రములో ప్రవాసాంధ్రుల కొరకు ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉన్నది. రాయబార కార్యాలయమునకు ఇంగ్లీషులో అర్జీ వ్రాయుటకు ఈ సహాయకుడు నిజముగా ఉపకారి. వెనుక ఇంగ్లీషు వచ్చినవారిని వెదకుకొనుచు వారము దినములు తిరుగవలసిన పని గంటలో ముగియును.

అయితే ఇక్కడనే జాగ్రత్త కావలెను. ఆమె మూడు నెలల జీతము రాలేదని చెప్పగా, యంత్రము జాలి గొలుపుటకు ఆరు నెలలని వ్రాయవచ్చును. తిట్టిరని చెప్పగా కొట్టిరని వ్రాయవచ్చును. మనము చెప్పని ప్రయాణపు తేదీని తానే వేయవచ్చును. అధికారులు పాస్‌పోర్టు మీద ముద్రతో ఆ తేదీని పోల్చినప్పుడు ఒకటి తప్పైతే, నిజమైన కన్నీళ్లు కూడ అనుమానము పాలగును. సంతకము చేయు పాస్టరుగారికి ఇంగ్లీషు బాగుగా రానియెడల, ఆ అర్జీని వాక్యము వెంట వాక్యము తెలుగులో చెప్పుమని ఆ సహాయకునినే అడిగి, ఆ తెలుగును కుటుంబమువారికి వినిపించవలెను. వారు "అవునండి, జరిగింది అదే" అని చెప్పిన తరువాత, ఇంగ్లీషు వచ్చిన ఒక మనుష్యుడు చూచిన తరువాత, అప్పుడు సంతకము.

పాస్‌పోర్టు నెంబరు, ఆధార్ నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు యంత్రమునకు చెప్పవలదు. వాటి చోట ఖాళీ గీతలు పెట్టించి, అచ్చు తీసిన తరువాత చేతితో నింపుకొనుడి. మనము అక్కడ టైపు చేసిన మాటలు మన కంప్యూటరులో నిలిచిపోవు, దూరముననున్న సంస్థ యంత్రములకు పోవును. ఇతరుల సమాచారమును కాపాడవలెనని మన దేశములో 2023లో చట్టమే చేయబడినది. చట్టము మాట అటుండగా, ప్రార్థన మనవులు మనకు అప్పగింపబడిన సొత్తు. ఫలాని సహోదరి గర్భము నిలువలేదనియు, ఫలాని సహోదరుడు త్రాగుడు మానలేదనియు పేరు పెట్టి అక్కడ వ్రాయుట తగదు. ప్రార్థన పట్టిక చక్కగా కావలెనంటే పేర్లు తీసివేసి ఇయ్యుడి.

వాక్యభాగముల విషయములో మరింత మెలకువ. యంత్రము వచనమునకు తప్పు సంఖ్య వేయవచ్చును, మన బైబిలులో లేని మాటలను వచనమువలె కూర్చి చెప్పవచ్చును. పౌలు బోధించినప్పుడు బెరయవారు ఆ మాటలు నిజమో కాదో అని ప్రతిదినము లేఖనములలో వెదకి చూచిరని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తెలుపుచున్నది. అపొస్తలుని మాటనే సరిచూచిన వారుండగా, యంత్రము మాటను సరిచూచుట మనకు భారమా? బైబిలు తెరచి, వచనము కన్నులతో చూచి, అప్పుడే ఆహ్వానములోనైనను ప్రసంగములోనైనను వేయుడి.

ఇతనికి అప్పగింపకూడని పనులు కొన్ని కలవు. మరణము జరిగిన ఇంటికి వ్రాయు ఆదరణ పత్రిక నాలుగు పంక్తులైనను మీ చేతితోనే వ్రాయుడి. ఆ తల్లి ఆ కాగితమును బైబిలులో దాచుకొనును. సాక్ష్యము మీ జీవితములోనుండి రావలెను. ప్రసంగమునకు సమాచారము కూర్చుకొనవచ్చును గాని, మోకాళ్ల మీద గడపవలసిన శనివారపు రాత్రి యంత్రమునకు అప్పగింపరాదు. పిల్లలు బడి వ్యాసమును దీనితో వ్రాయించి తెచ్చినచో వారికి మార్కులు వచ్చును, వ్రాయుట రాదు. "ముందు నీవు వ్రాయి నాన్నా, తరువాత తప్పులు దిద్దమని దానిని అడుగుదాము" అని తల్లిదండ్రులు చెప్పవలెను.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను తెర్తియు అను సహోదరుడు వ్రాసెను. ఆ పత్రిక చివర తెర్తియు తన పేరు చెప్పుకొని వందనములు తెలిపెను. సహాయము పొందుటలో పౌలుకు చిన్నతనము లేదు, సహాయకుని పేరు దాచిపెట్టుటయు లేదు. అయితే థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక ముగింపులో, తన చేతివ్రాతయే తన పత్రికలన్నిటికి గురుతని పౌలు తెలిపెను. ఈ రెండును కలిసిన చోట మనకు మార్గము కనబడుచున్నది. సహాయము తీసికొందము. ఎవరైన అడిగినయెడల యంత్రము సహాయము చేసినదని సిగ్గుపడక చెప్పుదము. చదువకుండ, సరిచూడకుండ ఒక్క కాగితము క్రిందనైనను పేరు పెట్టకుందము.

ఈ నెల ఇంటి పని: మీ స్త్రీల సమాజము తరువాతి కూడికకు ఆహ్వానము ఒకటి ఈ సహాయకునిచేత వ్రాయించుడి. అందులో మీరు చెప్పనివి ఎన్ని చేరినవో ఎఱ్ఱ సిరాతో గీత గీయుడి. ఇంటిల్లిపాది కలిసి కూర్చుండి చేయుడి. గీతలు లెక్కపెట్టినప్పుడు ఈ లేఖరి ఎంతవాడో పిల్లలకే తెలిసిపోవును.

ప్రభువు మీ చేతిపనులను, మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.