పరీక్షలో తప్పిన డ్రైవరుకు తిరిగి వచ్చే దారి కావాలి



కోవిల్‌పట్టిలోనైనా విరుదునగర్‌లోనైనా మన తెలుగు ఇళ్లలో మిల్లుకూ లారీకీ చుట్టరికం ఉంది. అన్న స్పిన్నింగ్‌లో ఉంటే తమ్ముడు లారీ మీద ఉంటాడు. మిల్లు గేటు మూతపడితే మన కుర్రవాడు స్టీరింగు పట్టుకుంటాడు. దూది బేళ్లు లారీ మీదే వస్తాయి, నూలు లారీ మీదే తూత్తుకుడి రేవుకు పోతుంది. సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలను, విరుదునగర్ పప్పులను, మిరపకాయలను ఊరు దాటించేదీ ఆ డ్రైవరే. కనుక "ఇది మిల్లు కార్మికుల పత్రిక, డ్రైవర్ల గోల మనకెందుకు?" అని ఎవరైనా అంటే ఆ మాట మనం ఒప్పుకోలేము.

ఇప్పుడు మనం మాట్లాడుకోవలసిన సంగతి బయటికి చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడేది. మత్తు పరీక్షలో తప్పి లైసెన్సు పోగొట్టుకున్న డ్రైవరు ఏం చేయాలి? మళ్లీ పని ఎక్కడ వెతుక్కోవాలి? అతని ఇంట్లో పొయ్యి వెలగడానికి బాధ్యత ఎవరిది?

ముందుగా మన వైఖరి

తాగి లారీ నడపడాన్ని మనం సమర్థించం. ఈ మాటలో నీళ్లు కలపడానికి లేదు. మధురై నుండి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలి వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన తెల్లవారుజామున షిఫ్టుకు పోయేది మన వాళ్లే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యానులో కూర్చునేది మన ఆడపిల్లలే. ఆ రోడ్డు మీద పది టన్నుల లోడుతో వచ్చే మనిషికి కళ్లు తిన్నగా ఉండాలి. ఇందులో వాదన లేదు.

చట్టం చెప్పేది కూడా తెలుసుకుందాం. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019లో జరిగిన సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. గంజాయి, మాత్రలు వంటి మత్తు పదార్థాల విషయంలో చట్టం ఇంత అని అంకె పెట్టలేదు. బండిని అదుపులో పెట్టుకోలేని స్థితిలో మనిషి ఉన్నాడా లేదా అన్నదే అక్కడ లెక్క. ఈ తేడా డ్రైవరుకు తెలిసి ఉండాలి, అతని తరఫున మాట్లాడే యూనియన్ మనిషికి మరీ తెలిసి ఉండాలి.

జరిమానాతో తీరదు. పోలీసు లైసెన్సు తీసుకుని ఆర్టీఓకు పంపవచ్చు. ఆర్టీఓ మొదటిసారి అయితే మూడు నెలలు నడపరాదని ఉత్తర్వు ఇవ్వవచ్చు, రెండోసారి అయితే లైసెన్సునే రద్దు చేయవచ్చు. లైసెన్సు తీసుకున్నప్పుడు పోలీసు ఒక రసీదు ఇవ్వాలి. "రసీదు చేతిలో ఉంది గదా, బండి తోలుకోవచ్చు" అనుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. తాగి నడిపిన కేసులో ఇచ్చే రసీదుతో బండి నడిపే హక్కు లేదని చట్టంలోనే రాసి ఉంది.

మిల్లులో ఒక న్యాయం, లారీలో ఒక న్యాయమా?

ఇప్పుడు పోల్చి చూడండి. పెద్ద మిల్లులో ఒక కార్మికుడి మీద ఆరోపణ వస్తే యాజమాన్యం చార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ అడగాలి, విచారణ జరపాలి. విచారణ ముగిసేదాకా సస్పెండు చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పావు జీతం ఇవ్వాలి. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టానికి 1982లో సవరణ తెచ్చి ఈ భత్యం సాధించాం. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అది నిలిచింది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు ఇది.

లారీ డ్రైవరుకు ఏముంది? ట్రిప్పుకు ఇంత, బత్తాకు ఇంత. ట్రిప్పు లేకపోతే రెండూ లేవు. లైసెన్సు పోయిన రోజునే యజమాని తాళంచెవి తీసుకుని వేరే మనిషికి ఇస్తాడు. చార్జిషీటు లేదు, విచారణ లేదు, సగం జీతం మాట అసలే లేదు. చట్టం వేసిన శిక్ష మూడు నెలలు. పని పోవడం వల్ల ఇంటిల్లిపాది అనుభవించే శిక్షకు మాత్రం గడువంటూ లేదు. ఆ డ్రైవరు భార్య వడ్డీకి తెచ్చిన డబ్బు మూడు నెలల్లో తీరేది కాదు.

అప్పుడు ఏం జరుగుతుంది? "రాత్రి పూట తోలు, చెక్‌పోస్టు తప్పించు, జీతం మాత్రం సగమే" అనే యజమాని దొరుకుతాడు. కడుపు కాలినవాడు ఒప్పుకుంటాడు. సోదరులారా, దీనంత ప్రమాదమైన పని మరొకటి లేదు. నడపరాదన్న గడువులో బండి నడిపితే మూడు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. తెలిసి బండి ఇచ్చిన యజమాని మీదా కేసు ఉంటుంది. అంతకంటే పెద్ద ముప్పు ఇన్సూరెన్సుది. లైసెన్సు నిషేధంలో ఉన్నవాడు నడిపినా, మత్తులో నడిపినా, ఆ కారణం చూపి కోర్టులో వాదించే అవకాశం ఇన్సూరెన్సు కంపెనీకి చట్టమే ఇచ్చింది. ఒక మనిషి ప్రాణం పోతే ఆ నష్టపరిహారం డ్రైవరు ఇంటి మీద, గుడిసె మీద, పిల్లల మీద పడుతుంది. ఇంకో ఊళ్లో ఇంకో లైసెన్సు తీసుకుందామంటే అదీ కుదరదు. ఒక మనిషికి ఒకటే లైసెన్సు.

మత్తు ఎక్కడి నుండి వచ్చింది?

నేరం డ్రైవరుది, సరే. కారణం కూడా అతనిదేనా? 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. దూరప్రయాణాలకు అనుమతితో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు దాటరాదన్నది. కానీ ఆ చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీలు పెట్టుకున్న యజమాని దగ్గర పనిచేసినవాడు ఆ గొడుగు కిందికి రానేలేదు. 2025 నవంబర్ 21 నుండి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 8 గంటల మాట వాటిలోనూ ఉంది. కాగితం మీది గంటలు లారీ క్యాబిన్‌లోకి ఎక్కేది ఎప్పుడు?

"రేపు పొద్దునకు లోడు రేవులో ఉండాలి" అన్నవాడు డ్రైవరు ఎప్పుడు నిద్రపోయాడని అడగడు. నిద్ర ఆపడానికి ఒకడు మాత్ర మింగుతాడు, ఒళ్లు నొప్పులకు మరొకడు సీసా తీస్తాడు. అలవాటు అలా మొదలవుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. తమిళనాడులో 2003 నుండి మద్యం చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. రహదారికి 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన తమిళనాడు నుండి వెళ్లినదే. తర్వాత 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించారు. 2017 జూలైలో మున్సిపల్ ప్రాంతాల్లోని దుకాణాలకు ఆ నిషేధం అడ్డు కాదని తేల్చారు. కోవిల్‌పట్టీ మున్సిపాలిటీయే, విరుదునగరూ మున్సిపాలిటీయే! ఒక చేత్తో సీసా అమ్మి, మరో చేత్తో నోట్లో గొట్టం పెట్టే ప్రభుత్వం, పట్టుబడినవాడికి మందు మాన్పించే బాధ్యత మాత్రం నాది కాదంటే ఎలా?

బయటి దేశం ఏం చేస్తోంది?

అమెరికాలో లారీ డ్రైవర్లకు చెప్పకుండా మూత్ర పరీక్షలు చేస్తారు. 2020 జనవరి 6 నుండి తప్పినవారి పేర్లు కేంద్ర ప్రభుత్వ జాబితాలోకి ఎక్కుతున్నాయి. 2024 నవంబర్ 18 నుండి ఆ జాబితాలో నిషేధం ఉన్నవారి వాణిజ్య లైసెన్సును కూడా రాష్ట్రాలు తీసివేయాలి. మన చట్టం కంటే కఠినమే. అయినా అక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, నమూనాను రెండు సీసాల్లో పోస్తారు. ఫలితం తెలిసిన 72 గంటల లోపల డ్రైవరు అడిగితే రెండో సీసాను వేరే ప్రయోగశాలలో పరీక్షించాలి. రెండు, తిరిగి వచ్చే దారి మెట్టు మెట్టుగా రాసి ఉంది. నిపుణుడు పరిశీలించాలి, అతను చెప్పిన చికిత్స పూర్తి చేయాలి, మళ్లీ పరీక్ష నెగ్గాలి, ఆ తర్వాత 12 నెలల్లో కనీసం 6 సార్లు చెప్పకుండా చేసే పరీక్షలకు నిలబడాలి. పని తిరిగి ఇచ్చి తీరాలని ఆ చట్టం యజమానిని బలవంతపెట్టదు. అక్కడి డ్రైవర్ల కష్టమూ తీరలేదు. అయితే ఎక్కడ నిలబడ్డాడో, ఇంకా ఎన్ని మెట్లు ఎక్కాలో వాడికి తెలుసు.

మన 2019 సవరణలోనూ ఒక మెట్టు ఉంది. డ్రైవరు శిక్షణ కోర్సు ముగించాకే లైసెన్సు చేతికి రావాలని అందులో ఉంది. శిక్షణ మంచిదే. కానీ తాగుడు జబ్బుకు గేరు మార్చడం నేర్పితే సరిపోతుందా? వైద్యం ఏది? ఆ మూడు నెలల తిండి ఏది?

మనం కోరేది, మనం చేసేది

యజమానులను మనం కోరేది ఇది. మొదటిసారి తప్పిన డ్రైవరు పేరు కొట్టివేయకండి. ఆ మూడు నెలలు అతనికి లోడింగు, గోడౌను, కాపలా, టైర్ల పని, క్లీనరు పని ఇవ్వండి. ఈ పనులకు లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు తిరిగి వచ్చిన రోజున పాత పని ఇస్తామని కాగితం మీద రాసివ్వండి. మన మిల్లులకు సరుకు మోసే ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టులో ఈ షరతు పెట్టించడానికి మన యూనియన్ మిల్లు యాజమాన్యంతో మాట్లాడాలి. బేలు దింపే చోట డ్రైవరుకు పడుకోవడానికి గది, నీళ్లు అడగడం కూడా మన పనే.

యూనియన్ చేయవలసింది ఇది. కబురు అందిన వెంటనే ఒక మనిషి స్టేషనుకు వెళ్లాలి. అరెస్టు చేస్తే రెండు గంటల లోపల డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలిపెట్టాలి. ఇది 202వ సెక్షన్. మందు కలిసిన దగ్గు టానిక్కు తాగి వెంటనే ఊదినా యంత్రం అంకె చూపవచ్చు. అలాంటిది ఉంటే అక్కడే చెప్పి రక్త పరీక్ష అడగాలి. ఆర్టీఓ ఉత్తర్వు ఇచ్చే ముందు డ్రైవరు మాట వినాలి. ఆ రోజు అతన్ని ఒంటరిగా పంపకూడదు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడికి ఆఫీసు కాగితం చదివి చెప్పే మనిషి కావాలి. వీధి ఏదైనా, కులం ఏదైనా, ఆ మనిషి మన యూనియన్ ఆఫీసులో దొరకాలి.

డ్రైవరు తమ్ముడికి మనం చెప్పేది ఇది. దొంగచాటుగా బండి ఎక్కవద్దు. కొత్త యజమాని అడిగితే జరిగింది దాచవద్దు. దాచిన నిజం రేపు బయటపడితే రెండో పనీ పోతుంది. అలవాటు ఉంటే వైద్యానికి వెళ్లు. 14446 నంబరుకు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు. మత్తుమందు వాడిన కేసులో కూడా, తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు సిద్ధపడిన బానిసకు ప్రాసిక్యూషన్ నుండి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ 1985 మత్తుమందుల చట్టంలో ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీ మనిషి లైసెన్సు పోయిందని నెలల తరబడి దాచిపెట్టి వడ్డీ వ్యాపారి గడప తొక్కకండి. ముందు యూనియన్ గడప తొక్కండి.

మిల్లులో దారం తెగితే సైడు మొత్తం ఆపి పారేయం, తెగిన చోట అతికిస్తాం. మనిషి విషయంలో అంతకు తక్కువ చేస్తే మనకు యూనియన్ అనే పేరు ఎందుకు? రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ కోరికలను తీర్మానంగా పెట్టాలని మనం ప్రతిపాదిస్తున్నాం. ప్రతి షెడ్డులోనూ చర్చించి రండి, లారీ మీద ఉన్న తమ్ముళ్లను కూడా వెంట తీసుకురండి.