ఏ యంత్రమునకు ఆ పుస్తకము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్‌వారి ఉచిత సంరక్షణ ముగిసినది. అది మొదలు మన బజారులో కంప్యూటరు కలవరము తగ్గలేదు. ఒకరు విండోస్ 11 కొనిరి, ఒకరు పాత యంత్రమునకే లినక్సు నెక్కించిరి, ఇంకొకరి కుమారుడు చదువుకొను చోటినుండి మ్యాక్ తెచ్చి గల్లాపెట్టె ప్రక్కన నిలిపెను. వీథి యొకటే, వ్యవస్థలు మూడు. అయినను అందరికిని గురువొక్కడే: చరవాణిలో కనబడు మూడు నిమిషముల వీడియో. ఆ వీడియో ఏ వ్యవస్థకు చెప్పబడినదో అడుగువాడు లేడు.

ఈ మాట పరులను గేలి చేయుటకు వ్రాయుట లేదు. ఆ తప్పును మేమే చేసితిమి. మా దుకాణపు లెక్కలను రాత్రిరాత్రి నకలు తీసి, ముందునాటి తేదీని పేరుగా నుంచి దాచు చిన్న ఏర్పాటు లినక్సు యంత్రముపై చక్కగా నడచుచుండెను. దానినే మ్యాక్‌పైకి మార్చితిమి. లినక్సులో ‘డేట్’ అను ఆజ్ఞకు ‘డి’ గుర్తు చేర్చి ‘నిన్న’ యని యడిగిన నిన్నటి తేదీ వచ్చును. మ్యాక్‌లోని ‘డేట్’ బీఎస్‌డీ వంశమునకు చెందినది. అచ్చట ‘వి’ గుర్తుతో ఒక రోజు తగ్గించి అడుగవలెను. మా ఆజ్ఞను అది తప్పని త్రోసివేసెను. రాత్రివేళ తెరను చూచువారెవరు? తేదీ రాలేదు గనుక ప్రతి రాత్రియు నకలు ఒకే పేరుతో వెనుకటి దానిని తుడిచివేయుచు వచ్చెను. నెల గడచిన పిమ్మట అసలు లెక్క చెడిపోగా వెదకితిమి: మిగిలినది చెడిన లెక్కయొక్క నకలొక్కటే. రశీదులు ముందు వేసికొని ఆ నెల లెక్కలను మరల వ్రాయుటకు పదునొకండు దినములు పట్టెను. ఆ మ్యాక్‌లోనే టెర్మినల్ తెరచి ‘మ్యాన్ డేట్’ అని కొట్టినచో సరియైన పుట కన్నుల యెదుట నిలిచియుండెడిది.

ఇంతకంటె గొప్ప ప్రమాదములును గలవు. ‘కిల్ఆల్’ అను ఆజ్ఞ లినక్సులో మనము పేరు చెప్పిన కార్యక్రమమును మాత్రమే ఆపును. సొలారిస్‌లో అదే పేరుగల ఆజ్ఞ నడచుచున్న వాటి నన్నిటిని ఆపివేయును. పేరు చూచి నమ్మినవాని గతి యేమి?

పుస్తకములు లేవనుట వట్టి మాట. 1971లో యూనిక్సు తొలి కైపుస్తకము వెలువడిన నాటినుండి ఈ పుటలు అంకెల విభాగములుగా నున్నవి. నేడు 1లో ఆజ్ఞలు, 5లో దస్త్రముల రూపములు, 8లో నిర్వాహకుని పనులు. ‘పాస్‌వుడ్’ అను పేరు 1లోను 5లోను గలదు. ఒకటి ఆజ్ఞ, ఒకటి దస్త్రము. ఫ్రీబీఎస్‌డీవారి జాలపుటలో వ్యవస్థ పేరును, కూర్పును ఎన్నుకొని తమవే గాక ఇతర వ్యవస్థల పుటలను గూడ చదువవచ్చును. డెబియన్‌వారికి తమ కూర్పులకు తగిన పుటలు వేరుగా గలవు. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ లెర్న్ గలదు. పవర్‌షెల్‌లో ‘గెట్-హెల్ప్’ అనిన చాలును. ఆపిల్‌వారు జాలమున నుంచిన పాత ఆజ్ఞాపుటలు మాత్రము భాండాగారమున తాజాపడక పడియున్నవి. మ్యాక్‌కు యంత్రములోని పుటయే శరణ్యము.

“ఇప్పుడు కృత్రిమ మేధనడిగిన చెప్పును గదా” యని మన సంఘములో ఒక పెద్దలు సెలవిచ్చిరి. చెప్పును. మన వ్యవస్థయేదో, దాని కూర్పేదో చెప్పక యడిగినచో లినక్సు మందును మ్యాక్ రోగికి తడుముకొనక ఇచ్చును. అది చెప్పినదానిని పుటతో సరిచూచుకొన్న నష్టమేమి? తక్కెడను నెలకొకసారి పరీక్షించుకొను వర్తకులము మనము.

ఇక అసలు బాధ. ఈ పుటలు జర్మను, ఫ్రెంచి, జపాను, పోలిషు భాషలలో గలవు. తెలుగున మాకొక్కటియు కానరాలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సు తెరలపై తెలుగు పలుకులు నిలుపుటకు పాటుపడిరి. వారికి మా నమస్కారము. ఆజ్ఞాపుటల జోలికి మాత్రము మనవారెవరును పోయినట్లు లేదు. పాఠ్యపుస్తకముల కొరకు రాజ్యాంగము 350-ఎ అధికరణమును చూపి అర్జీలు పెట్టుచున్నాము, పెట్టవలసినదే. కాని ఈ పుటలకు ఏ ప్రభుత్వము ననుమతి యడుగవలెను? గ్నూవారి కైపుస్తకములను తమ నిబంధనలకు లోబడి ఎవరైనను అనువదించి పంచుకొనవచ్చునని ఆ పుస్తకములే చెప్పుచున్నవి. అడ్డు మన సోమరితనమొక్కటే.

“2006 నాటి తమిళ బోధనచట్టము పిమ్మట మన పిల్లలలో తెలుగు చదువువారెందరు?” అని మరియొకరి యాక్షేపణ. ప్రశ్న న్యాయమైనదే, మమ్ములనును గ్రుచ్చినది. మా యింటిలోనే చిన్నవాడు తెలుగు మాటలాడును, చదువలేడు. కాని గుమాస్తాలలో తెలుగు తప్ప వేరు లిపి సరిగా రానివారు నేటికిని గలరు. రాత్రి నకలు తీయువారు వారే.

సంఘ గ్రంథాలయమున ఆదివారము ఉదయము ముగ్గురము కూర్చుండి ‘డేట్’ పుటను మొదలుపెట్టితిమి. లినక్సు దొకటి, మ్యాక్ దొకటి, ఎదురెదురు పుటలుగా. ఇరువది పంక్తులు సాగినవి. ‘ఆప్షన్’ అను మాటకు గుర్తు అనవలెనా, వికల్పము అనవలెనా యని తగవు తేలలేదు. చదువరులలో మంచి మాట తోచినవారు గ్రంథాలయములోని పుస్తకమున వ్రాసి పోవలెను.